దూరమున నున్న బిడ్డలు, ఇంట నున్న పెద్దలు: వృద్ధుల ఆరోగ్య రక్షణకు నేటి సాధనములు

2011వ సంవత్సరపు జనాభా లెక్కల ననుసరించి భారతదేశమున అరువది ఏండ్లు నిండినవారు సుమారు 10 కోట్ల 38 లక్షలమంది. అనగా దేశములోని ప్రతి పన్నెండుమందిలో ఇంచుమించు ఒకరు వృద్ధులు. నాటినుండి ఈ సంఖ్య పెరుగుచునే యున్నది. మశూచి వంటి మహమ్మారులు రూపుమాసిపోవుటచేతను, వైద్య సౌకర్యములు పెంపొందుటచేతను మనుష్యుల ఆయుర్దాయము హెచ్చినది. ఇది సంతోషింపదగిన విషయము.

ఇదే కాలమున మరియొక మార్పు కూడ వచ్చినది. చదువులకును, ఉద్యోగములకును బిడ్డలు ఇల్లు విడిచి పోవుచున్నారు. తల్లిదండ్రులు కోనసీమలోని గ్రామమున నుండగా ఒక కుమారుడు హైదరాబాదులోను, కుమార్తె అమెరికాలోను ఉండుట నేడు వింత గాదు. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోయి కష్టించుచున్నవారు వేలకొలది గలరు. కేరళమునను, పంజాబునను ఇదే స్థితి. ఇట్టి బిడ్డలకు తల్లిదండ్రులపై ప్రేమ లేదని చెప్పరాదు. వారి మనస్సు ఇంటి చుట్టునే తిరుగుచుండును. కాని ఏమి చేయవలెనో, ఎట్లు చేయవలెనో తెలియక వారు బాధపడుచుందురు.

పూర్వము దూరమున నున్నవారికి క్షేమ సమాచారము తెలియవలెనన్న తపాలా కార్డే శరణ్యము. ఆపద వచ్చినచో తంతి వచ్చెడిది. అది చేతికందునప్పటికి ఆపద ముగిసిపోవుటయు గలదు. ఆ తంతి సేవ ఈ దేశమున 2013వ సంవత్సరము జూలై నెలలో ముగిసినది. నేడు సెల్ ఫోనులో తల్లి ముఖమును చూచుచు మాటలాడవచ్చును. ఆమె రక్తపుపోటు ఎంత యున్నదో, రక్తములో చక్కెర ఎంత యున్నదో వేల మైళ్ల దూరమునుండి తెలిసికొనవచ్చును. డాక్టరును ఇంటినుండియే సంప్రదింపవచ్చును.

ఈ సాధనములు మిక్కిలి ఉపయోగకరములు. అయితే వీనిని కొనుటకు ముందు ఒక సత్యమును గ్రహింపవలెను. ఇవి బిడ్డల కన్నును, చెవిని దూరమునకు చేర్చగలవు. చేతిని మాత్రము చేర్చజాలవు. క్రిందపడిన తండ్రిని లేవనెత్తుటకు, సొమ్మసిల్లిన తల్లికి పంచదార నీరు త్రాగించుటకు దగ్గరనున్న మనిషియే కావలెను. కనుక దూరమునుండి చేయు సంరక్షణలో మొదట ఏర్పరచుకొనవలసినది మనిషిని, పిమ్మట యంత్రమును.

మొదట మనిషి

ఒక ఇంటిని ఊహింపుడు. డెబ్బదియైదేండ్ల తల్లి ఒంటరిగా నున్నది. ఆమె మధుమేహమునకు ఇన్సులిన్ పుచ్చుకొనుచున్నది. చక్కెరను కొలుచు పరికరమును కుమార్తె విదేశమునుండి పంపినది. కొలిచిన వెంటనే ఆ అంకె కుమార్తె ఫోనులో కనబడును. ఒకనాటి ఉదయము 58 అను అంకె కనబడినది. 70కి తగ్గినచో అపాయమని ఆమెకు తెలియును. ఫోను చేసినది, తల్లి ఎత్తలేదు. ఆ వీథిలో మరెవ్వరి సంఖ్యయు కుమార్తె వద్ద లేదు. ఇక ఆ పరికరము వలన కలిగిన ప్రయోజనమేమి? ఎదురింటి వారి సంఖ్య ఆమె వద్ద ఉన్నచో, వారి వద్ద ఆ ఇంటి తాళపుచెవి మరియొకటి ఉన్నచో, రెండు నిమిషములలో తల్లి ప్రక్కన మనిషి ఉండెడిది.

కావున దూరమున నున్న ప్రతి బిడ్డయు, సెలవునకు ఇంటికి వచ్చినప్పుడు, ఈ ఏర్పాటులను చేసికొని పోవలెను.

నడచి రాగల దూరములో నున్న ఇద్దరి సంఖ్యలను వ్రాసికొనవలెను. ఒకరు ఊరిలో లేనప్పుడు రెండవవారు ఉందురు. వారి ఇంటికి పోయి, కూర్చుండి, "అవసరమైనప్పుడు మీకు ఫోను చేయవచ్చునా?" అని అడిగి, వారి సమ్మతిని పొందవలెను. ఆపద వచ్చిననాడు మొదటిసారి పలుకరించుట మర్యాద గాదు. అది ఫలించుటయు కష్టము. వారిలో ఒకరికి ఇంటి తాళపుచెవి నొకదానిని ఇచ్చి యుంచవలెను.

గ్రామములలో ఆశా కార్యకర్తను, ఏ.ఎన్.ఎం.ను పరిచయము చేసికొనవలెను. ఊరి మందుల దుకాణము వారి సంఖ్యయు, నమ్మకమైన ఆటో నడుపువాని సంఖ్యయు ఉండవలెను.

స్నానపుగది తలుపు లోపలి గడియను బయటినుండి కూడ తీయుటకు వీలుగా మార్పింపవలెను. వృద్ధులు జారిపడుట తరచుగా అచ్చటనే సంభవించును. లోపల గడియ వేసికొని పడినవారికి పొరుగువారు వచ్చియు సాయము చేయలేకపోవుదురు. గోడకు పట్టుకొనుటకు కమ్మియు, రాత్రివేళ నడవలో చిన్న దీపమును అమర్చుట అల్ప వ్యయముతో తీరు పని. ఏ గడియారమును, ఏ కెమెరాయు చేయలేని మేలు వీనివలన కలుగును. పడిన పిమ్మట తెలిసికొనుటకంటె పడకుండ చూచుట మేలు కదా.

మాటలాడుటలోని మెలకువ

అన్ని సాధనములలోను మిక్కిలి విలువైనది ప్రతిదినము చేయు ఫోను. అయితే అందును మెలకువ కలదు. "బాగున్నారా?" అని అడిగినచో పెద్దలు "బాగానే యున్నాము" అనియే చెప్పుదురు. బిడ్డలు దూరదేశమున కష్టపడుచున్నారు, వారిని ఏల కలవరపెట్టవలెనని నొప్పిని దాచుకొనుట మన పెద్దల స్వభావము. కనుక అడుగు ప్రశ్న నిర్దిష్టముగా నుండవలెను. "రాత్రి ఏమి తిన్నారు? ఎన్నిసార్లు నిద్ర లేచినారు? మంచము మీదనుండి లేచునప్పుడు కన్నులు తిరుగుచున్నవా? నేడు గుడికి నడచి పోయినారా?" అని అడిగినప్పుడు నిజము తెలియును. పోయిన వారము గుడివరకు నడచినవారు ఈ వారము అరుగు దిగుట మానినచో, దానికొక కారణముండును.

ముఖము కనబడునట్లు మాటలాడుట రెండు విధముల మేలు. చెవుడు గలవారు పెదవుల కదలికను చూచి మాటను పోల్చుకొందురు. అవతలి బిడ్డయు పెద్దవారి ముఖమును చూచి కొన్ని విషయములను గమనింపగలుగును. మాటలాడుచు మధ్య మధ్య ఊపిరికై ఆగుచున్నారా? కాళ్లు వాచినవా? దుస్తులు నిన్నటివేనా? చెప్పినదే మరల మరల చెప్పుచున్నారా? తేదీని, వారమును మరచుచున్నారా? వారికి తెలియకుండ పరీక్షింపనవసరము లేదు. "నాన్నగారూ, మీ కాళ్లు ఒకసారి చూపించండి" అని ప్రేమతో అడిగినచో వారే చూపుదురు.

ఫోను చేయు వేళ నిర్ణీతముగా నుండవలెను. దీనివలన పెద్దలకు ఎదురుచూచుటకు ఒక ఘడియ ఉండును. ఇంతకంటె ముఖ్యమైన ప్రయోజనము మరియొకటి గలదు. ఆ వేళకు ఫోను ఎత్తకున్నచో ఏదో జరిగినదని వెంటనే తెలియును. రోజు విడిచి రోజు, తోచినప్పుడు చేయువారికి ఈ సూచన అందదు.

దేశముల మధ్య కాలభేదమును కూడ ఉపయోగపరచుకొనవచ్చును. న్యూయార్కులో మధ్యాహ్నము పన్నెండు గంటలైనప్పుడు మన దేశమున రాత్రి తొమ్మిదిన్నరయో, పదిన్నరయో అగును. ఇచ్చట అందరు నిద్రించువేళ అచ్చటి బిడ్డ మేలుకొని యుండును. కావున పగటి బాధ్యతను హైదరాబాదులోని కుమారుడును, రాత్రి బాధ్యతను అమెరికాలోని కుమార్తెయు పంచుకొనవచ్చును. ఎవరి వంతు ఎప్పుడో ముందుగా నిర్ణయించుకొననిచో, ఇతరులు చూచుకొందురని ప్రతివారును తలంచి, చివరకు ఎవరును చూడకపోవుట జరుగును.

ఇంటిలో ఉండదగిన పరికరములు

రక్తపుపోటును కొలుచు యంత్రములలో మోచేతికి పైభాగమున పట్టీ చుట్టునది, మణికట్టునకు చుట్టుదానికంటె నమ్మదగినది. పట్టీ చేతి లావునకు తగినదై యుండవలెను. కొలుచుటకు ముందు ఐదు నిమిషములు నిశ్చలముగా కూర్చుండవలెను. వీపునకు ఆనుడు ఉండవలెను. పాదములు నేలను తాకుచుండవలెను. చేయి గుండె ఎత్తున బల్లపై ఆనియుండవలెను. అంతకు ముందు అరగంటలోపల కాఫీ త్రాగరాదు, పొగ త్రాగరాదు. కొలుచునప్పుడు మాటలాడరాదు. వీడియోలో కుమారునితో ముచ్చటించుచు కొలిచిన అంకె నమ్మదగినది గాదు. ఒక నిమిషము వ్యవధితో రెండు పర్యాయములు కొలిచి, రెండును నోటు పుస్తకములో వ్రాయవలెను.

పై అంకె 180, క్రింది అంకె 120 దాటి, దానితో కూడ ఛాతీ నొప్పి, ఆయాసము, చూపు మసకబారుట, మాట తడబడుట వంటివి ఉన్నచో అది అత్యవసర స్థితి. అట్టి లక్షణములేవియు లేనిచో కొంతసేపు విశ్రమింపజేసి, మరల కొలిచి, డాక్టరునకు తెలుపవలెను. ఒకనాటి అంకెను చూచి, దూరమునుండి, మాత్రను పెంచుటగాని తగ్గించుటగాని చేయరాదు.

మధుమేహము గలవారి ఇంట గ్లూకోమీటరు ఉండవలెను. చక్కెర హెచ్చుటకంటె అమాంతముగా తగ్గుట తక్షణ ప్రమాదకరము. చెమటలు, వణకు, తొట్రుపాటు, పరధ్యానము దీని గుర్తులు. మనిషికి తెలివి ఉన్నచో మూడు చెంచాల పంచదారను నీటిలో కలిపి త్రాగించి, పదునైదు నిమిషముల పిమ్మట మరల కొలువవలెను. తెలివి లేనిచో నోటిలో ఏమియు పోయరాదు. వెంటనే 108కి ఫోను చేయవలెను. ఈ రెండు మాటలను దూరమున నున్న బిడ్డ తెలిసికొనుట మాత్రమే చాలదు. ఎదురింటివారికి కూడ తెలిసియుండవలెను.

గుండె బలహీనత గలవారికి బరువు తూచు యంత్రము ఎంతయో మేలు చేయును. మూడు దినములలో రెండు కిలోలకు మించి బరువు పెరిగినచో, శరీరములో నీరు చేరుచున్నదని అనుమానింపవలెను. ఆయాసము ముదురుటకు ముందే డాక్టరునకు తెలుపుటకు ఇది అవకాశమిచ్చును.

అయితే దినమునకు పదిసార్లు కొలుచుట ఆరోగ్యము గాదు. అంకెలు కొంత హెచ్చుతగ్గులగుట సహజము. ప్రతి అంకెకును బిడ్డలు కలవరపడి ఫోను చేసినచో పెద్దలు విసిగి కొలుచుటయే మానుదురు. ఎన్నాళ్లకొకసారి కొలువవలెనో, ఏ అంకె దాటినచో తెలుపవలెనో డాక్టరు నడిగి, ఆ రెండు విషయములను ఆ నోటు పుస్తకపు మొదటి పుటలో వ్రాసికొనుట ఉత్తమము.

మందుల విషయము

వృద్ధులకు కలుగు అనేక ఇబ్బందులకు మందుల పొరపాటులే కారణము. ఒకే మందు వేరువేరు కంపెనీల పేర్లతో అమ్మబడుచుండును. గుండె డాక్టరు ఒక పేరుతోను, మధుమేహపు డాక్టరు మరియొక పేరుతోను అదే మందును వ్రాసినచో, పెద్దవారు రెండింటిని వేసికొని సొమ్మసిల్లుట గలదు. దీనిని దూరమునుండి కనిపెట్టుట సులభము. నెలకొకసారి వీడియోలో మాత్రల అట్టలన్నింటిని ఒక్కొక్కటిగా చూపించుమని కోరవలెను. పెద్ద అక్షరములలోని కంపెనీ పేరు గాక, దానితోపాటు ముద్రించియుండు అసలు మందు పేరును వ్రాసికొనవలెను. ఒకే పేరు రెండు అట్టలపై కనబడినచో మందుల దుకాణము వారినిగాని డాక్టరునుగాని అడుగవలెను.

వారమునకు ఏడు గదులున్న మాత్రల పెట్టె స్వల్ప ధరకు దొరకును. సాయంకాలము ఫోనులో ఆ పెట్టెను చూపినచో, ఆనాటి గది ఖాళీ అయినదో లేదో తెలియును. ఫోనులో గంట మ్రోగునట్లు చేయుటయు మంచిదే. కాని గంట మ్రోగినది గనుక మాత్ర వేసికొనిరని తలంపరాదు.

ఇంటినుండియే డాక్టరు

2020వ సంవత్సరము మార్చి 25వ తేదీన భారత ప్రభుత్వము దూరవైద్యమునకు నియమావళిని ప్రకటించినది. నమోదైన డాక్టరు ఫోను ద్వారాను, వీడియో ద్వారాను రోగిని విచారించి, మందుల చీటీ వ్రాయుటకు దీనివలన స్పష్టమైన ఆధారము ఏర్పడినది. 2019వ సంవత్సరమున ప్రారంభమైన ఈ-సంజీవని అను ప్రభుత్వ సేవ ద్వారా రోగులు రుసుము లేకుండ డాక్టరును సంప్రదింపవచ్చును. స్మార్ట్ ఫోను లేని పెద్దలు తమ గ్రామములోని ఆరోగ్య ఉపకేంద్రమునకు పోయినచో, అచ్చటి ఆరోగ్య సిబ్బంది వారిని తమ పరికరము ద్వారా దూరమున నున్న డాక్టరుతో మాటలాడించెదరు. ఊరిలో డాక్టరు లేడని నిరాశపడనక్కరలేదు.

వృద్ధులకు ఇది ఏ విషయములలో తగునో తెలిసికొనవలెను. ఒకసారి స్వయముగా చూపించుకొనిన పాత వ్యాధికి మరల సలహా పొందుట, పరీక్షల ఫలితములను చూపుట, మందులను కొనసాగించుట వంటివానికి దూరవైద్యము మిక్కిలి అనుకూలము. ఇరువది మైళ్లు బస్సులో పోయి, వరుసలో నిలుచుండు శ్రమ తప్పును. కడుపు నొప్పి, పడుటవలని దెబ్బ, కొత్తగా వచ్చిన ఆయాసము వంటివానికి డాక్టరు చేతితో తాకి చూడవలసినదే. మత్తుమందుల తరగతికి చెందిన కొన్ని ఔషధములను దూరవైద్యమున వ్రాయుట నిషిద్ధము. అందుకై డాక్టరును ఒత్తిడి చేయరాదు.

మాటలాడునప్పుడు పెద్దవారు ఒక ఊరిలోను, బిడ్డ మరియొక ఊరిలోను, డాక్టరు వేరొకచోటను ఉండి, ముగ్గురును ఒకేసారి మాటలాడవచ్చును. అట్టి సమయమున బిడ్డ తొందరపడి తానే సమాధానములు చెప్పరాదు. బాధ ఎవరిదో వారే చెప్పవలెను. వారు మరచిన దానిని మాత్రము బిడ్డ జ్ఞాపకము చేయవలెను. పెద్దలు మాటలాడలేని స్థితిలో ఉన్నప్పుడు వారి పక్షమున బిడ్డలు మాటలాడుటకు నియమావళి అవకాశమిచ్చుచున్నది. తక్కిన సమయములలో, పెద్దలు ఎదుట లేనప్పుడు, వారి అనుమతి యున్నట్లు డాక్టరునకు తెలియవలెను.

డెబ్బది ఏండ్లు నిండినవారందరికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద కుటుంబమునకు సంవత్సరమునకు 5 లక్షల రూపాయలవరకు ఆసుపత్రి చికిత్సకు 2024వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీన ఏర్పాటు జరిగినది. పథకము అమలులో నున్న రాష్ట్రములలో, అందులో చేరిన ఆసుపత్రులకు ఇది వర్తించును. దీనికి కావలసిన కార్డును ఆధారు సాయముతో ముందుగానే పొందియుంచవలెను. ఆసుపత్రి వాకిట నిలిచి కార్డునకై వెదకుట తగదు.

ఆపద సమయమున

2005వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన హైదరాబాదులో ప్రారంభమైన 108 అంబులెన్సు సేవ తరువాత అనేక రాష్ట్రములకు వ్యాపించినది. అన్ని విధముల అత్యవసరములకు 112 అను సంఖ్యయు కలదు. అయితే విదేశములనుండి ఈ చిన్న సంఖ్యలకు చేసిన పిలుపు సాధారణముగా అందదు. కనుక విదేశమున నున్న బిడ్డ ఎదురింటివారికి ఫోను చేసి, వారిచేత 108కి పిలిపింపవలెను. సమీపమున నున్న ఆసుపత్రి యొక్క పూర్తి సంఖ్యను కూడ వ్రాసియుంచుకొనవలెను.

పక్షవాతపు విషయమున కాలము మిక్కిలి విలువైనది. మూతి ఒక ప్రక్కకు వంకరపోవుట, ఒక చేయి పైకి లేవకపోవుట, మాట ముద్దగా వచ్చుట దీని ముఖ్య లక్షణములు. వీడియోలో మాటలాడుచుండగానే దీనిని గుర్తింపవచ్చును. నవ్వుమని, రెండు చేతులెత్తుమని, ఒక వాక్యము చెప్పుమని కోరినచో తెలిసిపోవును. మెదడులో రక్తపు గడ్డ అడ్డుపడుటవలన వచ్చిన పక్షవాతమునకు ఆ గడ్డను కరిగించు మందును సాధారణముగా నాలుగున్నర గంటలలోపల ఇయ్యవలెను. అందుకు ముందు తల సి.టి. స్కాను తీయవలెను. కావున ఆ స్కాను గల ఆసుపత్రి దగ్గరలో ఎచ్చట నున్నదో ముందే తెలిసికొనియుండవలెను.

అచ్చట డాక్టరు మొదట అడుగు ప్రశ్న, "చివరిసారి ఎప్పుడు బాగుగా ఉండిరి?" అనునది. ఒంటరిగా నున్నవారి విషయమున దీనికి సమాధానము చెప్పగలవారు తరచుగా ఉండరు. నిర్ణీత వేళకు ఫోను చేయు బిడ్డ మాత్రము చెప్పగలదు: "ఉదయము ఏడుంబావునకు నాతో చక్కగా మాటలాడినది" అని. ఫోనులో ఆ వేళ నమోదై యుండును. ఆ ఒక్క మాటను బట్టి చికిత్స ఇయ్యవచ్చునో లేదో నిర్ణయమగుట గలదు. దూరమున నున్నవాడు ఏమియు చేయలేడనుట ఎంత పొరపాటో దీనివలన తెలియుచున్నది.

ప్రతి ఇంటను ఒక కాగితముపై పెద్ద అక్షరములతో ఈ క్రింది విషయములను వ్రాసి, వాకిలి దగ్గర గోడకు అంటింపవలెను: పెద్దవారి పేరు, వయస్సు, ఉన్న వ్యాధులు, వాడుచున్న మందులు, పడని మందులు, ఎదురింటివారి సంఖ్య, బిడ్డల సంఖ్యలు, డాక్టరు సంఖ్య, ఇంటికి వచ్చు త్రోవ, గుర్తు. "రామాలయము వెనుక వీథి, నీళ్ల ట్యాంకు ప్రక్క ఇల్లు" అని వ్రాసియున్నచో, కంగారులో ఫోను చేయువారు అంబులెన్సు వారికి సరిగా చెప్పగలరు. ఆ కాగితమునకు ఫోటో తీసి బిడ్డలందరి ఫోనులలో ఉంచవలెను.

పెద్దల ఇష్టము, వారి మర్యాద

పడిన వెంటనే బిడ్డలకు వార్త పంపు చేతి గడియారములును, ఇంటిలోని కదలికను చూపు కెమెరాలును నేడు దొరకుచున్నవి. గడియారమునకు ప్రతిదినము చార్జింగు పెట్టవలెను. స్నానపువేళ తీసి ప్రక్కన పెట్టినచో ఉపయోగము లేదు. మెల్లగా జారి కూలబడుటను అది గుర్తింపకపోవచ్చును. కనుక దానినే నమ్ముకొనియుండరాదు.

కెమెరా విషయమున మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. జీవితమంతయు తమ ఇంటికి తామే యజమానులై బ్రతికినవారిని అనుక్షణము చూచుచుండుట వారి మనస్సునకు గాయము కలిగించును. అడుగకుండ, చెప్పకుండ కెమెరా పెట్టుట ఎంతమాత్రము తగదు. పెద్దలు సమ్మతించినచో ముందు గదిలో పెట్టవచ్చును. పడకగదిలోను, స్నానపుగదిలోను కూడదు. వారు వలదన్నచో ఆ మాటను మన్నించి, ఉదయమున పాలు కాచిన వెంటనే ఒక మిస్డ్ కాలు ఇచ్చునట్లు ఏర్పాటు చేసికొనవచ్చును. అట్టి చిన్న ఏర్పాటులు పెద్దలచేత ఇష్టముతో పాటింపబడును. అందుచేత ఎక్కువ కాలము నిలుచును.

ఒంటరితనము కూడ ఒక బాధయే. తిండి తగ్గుట, నిద్ర పట్టకపోవుట, ఇష్టమైన పనులను మానుట గమనించినచో ఉపేక్షింపరాదు. 2022వ సంవత్సరమున ప్రారంభమైన టెలి-మానస్ సేవకు 14416 సంఖ్యపై పగలును, రాత్రియు ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును. వృద్ధుల పింఛను, చట్టము, ఆశ్రయము మున్నగు విషయములపై సలహాకు ఎల్డర్ లైను సంఖ్య 14567 కలదు. ఇది ఉదయము ఎనిమిదినుండి రాత్రి ఎనిమిది గంటలవరకు పనిచేయును. అత్యవసర చికిత్సకు ఉద్దేశింపబడినది కాదు.

మోసగాండ్ర బెడద

పెద్దల చేతికి స్మార్ట్ ఫోను ఇచ్చునప్పుడు మోసమునుండి కాపాడుకొను ఉపాయమును కూడ నేర్పవలెను. పోలీసు అధికారులమని చెప్పి, వీడియోలో బెదరించి, "డిజిటల్ అరెస్టు" చేసితిమని గదిలో కూర్చుండబెట్టి, జీవితకాలపు పొదుపును దోచుకొనుచున్నవారు గలరు. భారతదేశపు చట్టములో అట్టి అరెస్టు ఎచ్చటను లేదు. ఏ పోలీసు అధికారియు, ఏ న్యాయస్థానమును ఫోనులో డబ్బు అడుగదు. ఓ.టి.పి. అంకెలను ఎవ్వరికిని చెప్పరాదు. డబ్బు పోయినచో ఆలసింపక 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. వెంటనే తెలిపినచో సొమ్మును మధ్యలో నిలుపుటకు అవకాశముండును.

మోసపోయిన పెద్దలు సిగ్గుతో మౌనము వహింతురు. "ఏమి జరిగినను మాతో చెప్పండి, మేము కోపగింపము" అని ముందుగానే బిడ్డలు మాట ఇయ్యవలెను. మందలింపునకు భయపడి దాచిన విషయమువలననే నష్టము పెరుగును.

బిడ్డల బాధ్యత

2007వ సంవత్సరపు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము పోషణ యనగా అన్నము, వస్త్రము, నివాసము మాత్రమే గాక వైద్య సహాయము, చికిత్స కూడ అని చెప్పుచున్నది. ఎంత దూరమున నున్నను ఆ బాధ్యత తీరునది గాదు. చట్టము చెప్పకున్నను ఈ దేశమున బిడ్డలు దానిని ఎరుగుదురు.

నేటి సాధనములు ఆ బాధ్యతను తేలిక చేయుటకు వచ్చినవి, తొలగించుటకు రాలేదు. విలువైన గడియారమును పంపి, ఫోను చేయుట మానినవానికంటె, సామాన్యమైన ఫోనులో ప్రతి ఉదయము ఐదు నిమిషములు మాటలాడువాడు తల్లికి ఎక్కువ మేలు చేయుచున్నాడు. పరికరము, దానిని చూచు బిడ్డ, పిలిచినచో పరుగెత్తి రాగల పొరుగువారు, ఈ మూడును కలిసినప్పుడే దూరము తగ్గును. వీనిలో పొరుగువారిని ఏర్పరచుకొనుటకు డబ్బు అక్కరలేదు. వచ్చెడి సెలవులలో ఇంటికి పోవు ప్రతి బిడ్డయు మొదటి దినముననే ఎదురింటి తలుపు తట్టి, ఆ సంఖ్యను వ్రాసికొనవలెను.